ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో బృందగానం: శ్రుతి కలవడం లేదు, తాళం పరుగెడుతోంది

ప్రశ్న: సంగీతం_టీచర్_బెంగళూరు

నమస్కారం అండి. బెంగళూరులో ఒక స్కూల్లో 6, 7, 8 తరగతులకు సంగీతం చెబుతున్నాను. నేర్చుకున్నది కర్ణాటక సంగీతం. బృందగానం నడిపించడం మాత్రం కొత్త. నవంబర్ 1 కన్నడ రాజ్యోత్సవానికి స్కూల్ గ్రౌండులో ఒక కన్నడ పాట, ఒక తెలుగు పాట పాడించాలి. మొత్తం 36 మంది: ఆడపిల్లలు 20, మగపిల్లలు 16. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. చేతిలో పది వారాలున్నాయి.

మూడు చోట్ల ఆగిపోతున్నాను. ఐదున్నర శ్రుతిలో పాడిస్తుంటే మగపిల్లల్లో సగం మంది గొణుగుతున్నారు, ఇద్దరు ముగ్గురు ఒకే స్వరం మీద ఉండిపోతున్నారు. రెండోది, ఆది తాళం వేస్తూ పాడమంటే రెండో ఆవర్తనానికే, అంటే తాళం రెండో చుట్టుకే, వేగం పెరిగిపోతోంది. తాళం మాన్పిస్తే పాట నిదానంగానే నడుస్తోంది. మూడోది, రెండు మూడు పార్టులుగా పాడించమని ప్రిన్సిపాల్ గారు అడుగుతున్నారు. రెండో వరుస నేర్పి కలపగానే అందరూ మొదటి వరుసలోకి వచ్చేస్తున్నారు.

ముందు దేన్ని పట్టుకోవాలి?

జవాబు: కంఠసాధన

ముందు శ్రుతి మార్చండి. మొదటి సమస్య చాలావరకు అక్కడే తీరుతుంది.

ఐదున్నర అంటే జి షార్ప్. ఆడపిల్లలకు, గొంతు ఇంకా మారని మగపిల్లలకు అది హాయిగానే ఉంటుంది. గొంతు కొత్తగా మారిన కుర్రాడి సంగతి వేరు. అతనికి మిడిల్ సికి (కీబోర్డు మధ్యలో ఉండే సి) ఒక స్థాయి కింద ఉన్న సి దగ్గర మొదలై, మిడిల్ సి దాటి డి వరకే సుఖంగా పలుకుతుంది. మీ ఐదున్నరలో ఆడపిల్లలతో సమానంగా ఎత్తుకుంటే షడ్జం (స) నుంచి మధ్యమం (మ) దాకా వచ్చి ఆగిపోతాడు. పోనీ ఒక స్థాయి కిందికి దిగుదామంటే ఆ షడ్జమే అందదు. పైకీ లేదు, కిందికీ లేదు, ఇక గొణగడమే మిగులుతుంది. దాన్ని అశ్రద్ధ అనుకుని కోప్పడితే ఆ పిల్లవాడు మళ్లీ నోరు విప్పడు.

షడ్జాన్ని మిడిల్ సి మీద పెట్టండి, అంటే ఒకటో శ్రుతి. పాటను షడ్జం నుంచి ధైవతం (ద) లోపల ఉండేలా ఎంచుకోండి. ఆడపిల్లలు మిడిల్ సి నుంచి పైన ఏ దాకా వెళ్తారు. గొంతు మారినవాళ్లు సరిగ్గా ఒక స్థాయి కింద అదే పాట పాడతారు. ఇప్పుడిప్పుడే మారుతున్నవాళ్లకు సాధారణంగా మిడిల్ సి కింది ఎఫ్ నుంచి పైన ఏ వరకు ఉంటుంది కాబట్టి వాళ్లు ఆడపిల్లలతోనే పాడగలరు. తార షడ్జం (పై స) వచ్చే ఒకటి రెండు చోట్ల వాళ్లను పంచమం (ప) మీదే నిలబడమనండి. మంద్ర పంచమం (కింది ప) వస్తే గొంతు మారినవాళ్లు షడ్జం పట్టుకోవాలి. వినడానికి రెండూ బాగానే ఉంటాయి.

ఎవరి గొంతు ఎక్కడుందో తెలుసుకోవడానికి పాడించనక్కర్లేదు. మామూలుగా మాట్లాడే గొంతుతో 20 నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టమనండి. పదికి వచ్చేసరికి గొంతు తన సహజమైన చోటికి చేరుతుంది. ఆ స్వరాన్ని కీబోర్డు మీద వెతకండి. మిడిల్ సి దగ్గర, లేదా దాని కింది ఏ దగ్గర ఉంటే ఇంకా మారలేదు. ఎఫ్, జి చుట్టూ ఉంటే మారుతోంది. ఇంకా కిందికి వెళ్లి డి, సి దగ్గర ఉంటే మారింది. ఒక్కొక్కరికి అర నిమిషం పడుతుంది, పదహారు మందిని ఒక పీరియడ్లో ముగించవచ్చు. అక్టోబరులో మళ్లీ చూడండి. ఈ వయసులో ఆరు వారాల్లోనే మెట్టు మారిపోయేవాళ్లుంటారు. పక్కన మిగతా పిల్లలు లేకుండా, ఒక్కొక్కరినీ విడిగా పిలవండి.

ఒకే స్వరం మీద ఉండిపోయే పిల్లలకు చెవి లేదని తేల్చేయకండి. మీ స్వరాన్ని అందుకోమని అడగడం మాని, వాళ్లు పలికిన స్వరాన్నే మీరు అందుకోండి. ఇద్దరి గొంతూ కలిసిందని వాళ్లకు తెలిసేదాకా ఆగండి. కలిసినప్పుడు ఎలా ఉంటుందో చాలామంది అంతకుముందు విని ఉండరు. అక్కడి నుంచి ఒక స్వరం పైకి, ఒక స్వరం కిందికి. తర్వాత సైరన్ లాగా ‘ఊ’ మీద కింది నుంచి పైకి జారించండి. “నువ్వు పెదాలు మాత్రం కదుపు” అనే మాట మాత్రం ఏ పిల్లవాడితోనూ అనకండి.

ఆడపిల్లల గొంతులో కూడా ఈ వయసులో గాలి వినిపిస్తుంది. స్వరతంత్రులు వెనక వైపు పూర్తిగా మూసుకోక చిన్న సందు మిగులుతుంది, అందుకే. గట్టిగా పాడమని ఒత్తిడి పెడితే మెడ బిగుస్తుంది తప్ప గాలి తగ్గదు. పెదాలు ‘బ్ర్ర్’ అని ఆడిస్తూ స రి గ రి స రెండు నిమిషాలు, ‘స్స్’ అని గాలి వదులుతూ 8 లెక్కలు, తర్వాత 12, తర్వాత 16. రోజూ అంతవరకు చాలు.

జవాబు: లయ_మల్లేశ్వరం

తాళం గురించి చెబుతాను. చెయ్యి, నోరు రెండూ ఒకేసారి కొత్తవైతే ఏదో ఒకటి జారుతుంది. ఆది తాళంలో ఘాతం (అరచేతి దెబ్బ), చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, ఆపైన ఘాతం, విసర్జితం (చెయ్యి తిప్పి వేయడం) రెండుసార్లు. మీకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కొత్త పిల్లవాడికి అవి ఎనిమిది వేర్వేరు పనులు. విసర్జితంలో చెయ్యి తిప్పడానికి ఒక్కొక్కరికి ఒక్కోలా సమయం పడుతుంది. ఆరో అక్షరం (తాళంలో ఆరో లెక్క), ఎనిమిదో అక్షరం ఆలస్యమవుతాయి. ఆ ఆలస్యం సర్దుకోవడానికి తర్వాతి ఘాతం తొందరగా పడుతుంది. మీ పాట పరుగెత్తడం అక్కడ మొదలవుతోంది. చెయ్యి తిప్పినప్పుడు వెనక వైపు తొడకు తగలాలి, ఆ తగలడమే అక్షరం అని చెప్పండి. సగం సర్దుకుంటుంది.

అయినా మొదటి రెండు వారాలు క్రియలు పక్కన పెట్టడమే మేలు. పాదాలతో మొదలుపెట్టండి. మెట్రోనోమ్ 66 మీద పెట్టి, నిలబడ్డ చోటే కుడి ఎడమలు. పాదం కుదిరాక నోటితో తకధిమి: మొదటి కాలంలో అడుగుకు ఒక అక్షరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. ఇక్కడ ప్రతి క్లాసులోనూ జరిగేది ఒకటుంది: నోరు రెట్టింపు కాగానే పాదం కూడా రెట్టింపు అవుతుంది. “నెమ్మదిగా, నెమ్మదిగా” అని అరిస్తే ఫలితం ఉండదు. క్లాసును రెండు సగాలు చెయ్యండి. ఒక సగం పాదాలు మాత్రమే, రెండో సగం తకధిమి మాత్రమే. నాలుగు ఆవర్తనాలకు ఒకసారి పనులు మార్చండి. పాదాల వాళ్లు అవతలి వాళ్ల నోటి వెంట పోకుండా నిలబడగలిగినప్పుడు రెండూ ఒకరి చేతే చేయించండి.

వేగం పెరగడానికి ఇంకో కారణం విశ్రాంతి. పాటలో రెండక్షరాల ఖాళీ వస్తే పిల్లలు దాన్ని ఒకటిన్నరకే మింగేస్తారు. దీనికి మందు: నాలుగు అక్షరాలు పైకి అనాలి, నాలుగు మనసులో, మళ్లీ నాలుగు పైకి. పాదాలు కూడా ఆపాలి. అందరూ ఒకేసారి తిరిగి వస్తే మౌనాన్ని ఎనిమిదికి, తర్వాత పదహారుకి పెంచండి. ముందు వచ్చేసినవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతుంది. చప్పట్లు కొట్టించేటప్పుడు అరచెయ్యి అంతా వాడనివ్వకండి. 36 మంది అలా కొడితే మొదటి చప్పుడుకీ చివరి చప్పుడుకీ తేడా తెలియదు. రెండు వేళ్లు అరచేతి మీద కొడితే చాలు.

నడకలు నేర్పడానికి మీ ఊళ్లోనే పాఠం ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలకు గురువు, లఘువు తెలుగులోనో కన్నడంలోనో చెప్పే ఉంటారు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. ఇప్పుడు బస్సు బోర్డులు చదివించండి. ‘మాగడి’: మా రెండు, గ, డి ఒక్కొక్కటి. నాలుగు, చతురశ్రం. ‘దొమ్మలూరు’: దొమ్మ మూడు, లూరు మూడు. తకిట తకిట, తిశ్రం. ‘జయనగర’ అన్నీ లఘువులే, ఐదు: జయ, నగర. తక తకిట, అదే ఖండ చాపు. ‘యలహంక’ కూడా ఐదే, యల రెండు, హంక మూడు. ‘కోరమంగల’: కోర మూడు, మంగల నాలుగు. తకిట తకధిమి, మిశ్రం. ‘మల్లేశ్వరం’ కూడా ఏడే, కానీ తిరగబడి నాలుగు మూడు. ‘ఇందిరానగర’ ఎనిమిది, దాన్ని ఇంది, రాన, గర అని విరిస్తే మూడు మూడు రెండు వస్తుంది. ఒక గుంపు ‘మాగడి మాగడి’ అంటుంటే ఇంకో గుంపు దాని మీద ‘ఇందిరానగర’ అనాలి. ఎనిమిదికి ఇద్దరూ కలుస్తారు, మధ్యలో ఊపులు తప్పుకుంటాయి. మీరు అడిగిన పార్టులకు ఇదే తొలి మెట్టు, ఇందులో శ్రుతి బాధ ఇంకా లేదు.

తప్పులెక్కడ వస్తాయంటే: తకిటను పిల్లలు ‘తా కిట’ అని సాగదీసి నాలుగు చేస్తారు. పాదాలు మార్చి మార్చి వేస్తూ అనిపిస్తే ఊపు ఒకసారి కుడి పాదం మీద, ఒకసారి ఎడమ పాదం మీద పడి మూడు మూడుగానే ఉంటుంది. ఖండ చాపులో ఐదు అయ్యాక ఊపిరికి ఆగి ఆరోది కలుపుతారు. తక అనే గుంపు వేరు, తకిట అనే గుంపు వేరు చేసి, రెండో గుంపు ముగియగానే మొదటి గుంపు అందుకోవాలని పెట్టండి. ఆగే చోటే దొరకదు.

పాట సాహిత్యాన్ని కూడా వరుస నేర్పకముందే లయలో మాటలుగా అనిపించండి. మూడు నాలుగుల నడకలో సాగే ముత్యాల సరం లాంటిది దొరికితే మిశ్ర చాపు దానంతటదే కూర్చుంటుంది. మొదటి పాటకు సమ ఎత్తుగడ ఉన్నదే, అంటే తాళం మొదటి లెక్క మీదే మొదలయ్యేదే తీసుకోండి. అక్షరం వదిలి ఎత్తుకునే పాటలు వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

సంగీతం_టీచర్_బెంగళూరు

ఇద్దరికీ ధన్యవాదాలు అండి. శ్రుతి సంగతి చదువుతుంటే నా క్లాసులో ఎవరెవరు ఎక్కడ ఆగుతున్నారో కళ్లకు కట్టినట్టు కనిపించింది. పార్టుల గురించి కూడా ఎవరైనా చెబుతారా? పడమటి పద్ధతిలో గాంధారం ఎడం పెట్టి (ఒకరు స పాడితే ఇంకొకరు గ) రెండో వరుస కట్టాను, అదే కూలిపోతోంది.

జవాబు: చెన్నై_బృందగానం

గాంధారం ఎడంతో పక్కపక్కన నడిచే వరుస చూడ్డానికి సులువు, పాడ్డానికి కష్టం. రెండు వరుసలూ ఒకే మాటలు, ఒకే లయ, ఒకే దిశ. చెవికి పట్టు దొరకదు, బలమైన వరుసలోకి జారిపోతుంది. రెండో వరుసకు తనదైన నడక ఉండాలి. కాబట్టి ఈ వరుసలో వెళ్లండి: ముందు ఆధారం, తర్వాత చిన్న ఆవృత్తి, తర్వాత ఒకదాని వెనక ఒకటిగా ఎత్తుకునే పాట. విడి వరుస అన్నిటికంటే చివర.

ఆధారం అంటే కొందరు ‘స ప’ పట్టుకుని ఉండటం, మిగతావాళ్లు పాట పాడటం. పైన కంఠసాధన గారు గొంతు మారినవాళ్లను ఒక స్థాయి కింద అదే పాట పాడించమన్నారు. సరే గానీ, ఎప్పుడూ అదే పని ఇస్తే వాళ్లకు తమ వంతంటూ ఉండదు. ఆధారం వాళ్లకివ్వండి. కింది సి, కింది జి రెండూ వాళ్ల గొంతులో బాగా నిండుగా పలుకుతాయి, పాట మొత్తం వాళ్ల మీదే నిలబడుతుంది. చిన్న ఆవృత్తి అంటే ‘స , రి , | గ , | రి , ||’ లాంటిది ఆవర్తనమంతా తిప్పడం (‘,’ అంటే ముందు స్వరాన్నే ఇంకో అక్షరం సాగించడం).

వెంబడించే పాటకు మోహన రాగం తీసుకోండి. స రి గ ప ద లో అర స్వరం ఎడం ఎక్కడా లేదు. అందువల్ల ఏ రెండు స్వరాలు ఒకేసారి పడినా చెవి గాయపడదు. ఇదిగో మూడు వరుసలు, ఒక్కోటి ఆది తాళంలో ఒక ఆవర్తనం:

స స రి గ | ప , | గ , ||
గ ప ద ప | గ , | ప , ||
ప గ రి గ | గ , | స , ||

ఒకటో గుంపు రెండో వరుసలోకి వెళ్లగానే రెండో గుంపు మొదటి వరుస ఎత్తుకుంటుంది, ఆ తర్వాత మూడో గుంపు. మూడూ కలిసినప్పుడు నిలువునా చూడండి: మొదటి అక్షరం మీద స గ ప, మూడో దాని మీద రి ద రి, ఐదో దాని మీద ప గ గ. అన్నీ పొందికగానే ఉంటాయి. షడ్జం నుంచి ధైవతం దాటదు కాబట్టి పైన చెప్పిన ఒకటో శ్రుతిలో అందరికీ అందుతుంది.

నేర్పేటప్పుడు మూడు వరుసలనూ అందరూ నేర్చుకోవాలి. కంఠతా వచ్చి, మీ సాయం లేకుండా మూడుసార్లు తిప్పగలిగేదాకా విడదీయకండి. విడదీసిన రోజు రెండే గుంపులు. రెండో గుంపు కుప్పకూలితే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: వాళ్లు అవతలి గుంపు గొంతు వినకుండా ఉండాలని గట్టిగా అరుస్తారు. వినకపోతే శ్రుతి పోతుంది. అందరినీ గొంతు సగానికి తగ్గించమని, పక్క గుంపు మాటలు తమకు వినిపించేంత మెల్లగా పాడమని చెప్పండి. తర్వాత ‘మ్’ అని పెదాలు మూసి పాడించండి. అక్కడ కుదిరితే మాటలతోనూ కుదురుతుంది.

గమకం, అంటే స్వరాన్ని ఊపడం గురించి గట్టిగా చెప్పాలి. మనం ఒంటరిగా పాడేటప్పుడు గాంధారాన్ని ఎంత ఊపాలో మన చెవికి తెలుసు. పన్నెండు మంది పన్నెండు రకాలుగా ఊపితే స్వరమే చెరిగిపోతుంది. బృందంలో గాంధారం, ధైవతం నిలువుగా పట్టించండి. జారు (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం) కావలసిన చోట అది ఏ అక్షరం మీద మొదలై ఎక్కడ ఆగుతుందో స్వరాలుగా రాసి ఇవ్వండి.

తంబూరా ఆప్, కీబోర్డు రెండూ ఒకేసారి గట్టిగా మోగించకండి. తంబూరాలో వినిపించే గాంధారం కీబోర్డు గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు తక్కువ, అంటే అర స్వరంలో ఏడో వంతు. పిల్లలు ఎటు పోవాలో తెలియక మధ్యలో తేలుతారు. వరుస నేర్పడానికి కీబోర్డు, పాడించేటప్పుడు తంబూరా.

ఉచ్చారణలో మన భాషకు ఒక వరం ఉంది, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి స్వరం పట్టుకోవడానికి చోటుంటుంది. చిక్కు ద్విత్వం దగ్గర, సున్న దగ్గర. ‘అమ్మ’ను రెండక్షరాల మీద పాడితే ఒకరు ‘అ’ మీద సాగదీస్తారు, ఇంకొకరు ‘మ్’ మీద మూసేస్తారు. ‘అ’ మొదటి అక్షరం సగం వరకు, ‘మ్’ మిగతా సగం, ‘మ’ రెండో అక్షరం మీద అని ముందే తేల్చండి. చివర ‘ం’ ఉంటే ఏ అక్షరం మీద పెదాలు మూయాలో చేత్తో చూపించండి. ‘ఈ’ పలికేటప్పుడు నవ్వినట్టు పెదాలు సాగదీస్తే శబ్దం పలచబడుతుంది, పెదాలు కొంచెం గుండ్రంగా ఉంచమనండి.

భారతీయ భాషల్లో ఇలాంటి బృందగానం వినాలనుకుంటే మా చెన్నైలో ఎం. బి. శ్రీనివాసన్ గారు స్థాపించిన మద్రాస్ యూత్ క్వయర్ పాటలు వినిపించండి. 1925లో చిత్తూరులో పుట్టిన మనిషి. మన పాటకు పార్టులు కట్టినా అది మన పాటలాగే ఎలా ఉంటుందో పిల్లలకు చెవితోనే అర్థమవుతుంది.

సంగీతం_టీచర్_బెంగళూరు

మోహనం వరుసలు కీబోర్డు మీద వాయించి చూశాను, నిజంగా ఎక్కడా కరవడం లేదు. ఇంకొక్కటి అండి: పది వారాలని రాశాను గానీ మధ్యలో దసరా సెలవులున్నాయి. గ్రౌండులో మైకుల సంగతి కూడా తెలియదు.

జవాబు: లయ_మల్లేశ్వరం

సెలవులకు ముందే రెండు పాటలూ మాటలతో సహా కంఠతా వచ్చి తీరాలి. సగం వచ్చినది సెలవుల్లో చెరిగిపోతుంది, పూర్తిగా వచ్చినది మూడు రోజుల్లో తిరిగొస్తుంది. మొదటి రెండు వారాలు నడక, గొంతు పరీక్ష. తర్వాత మూడు వారాల్లో పాటలు ఏకశ్రుతిలో, తాళం క్రియలతో. సెలవులు వచ్చేలోపు ఆధారం, మోహనం వరుసలు. వచ్చాక కలపడం, నిలబడటం, గ్రౌండు. కొత్త విషయం ఏదీ చివరి వారం పెట్టకండి. పీరియడులో మొదటి 5 నిమిషాలు గొంతు, 10 నిమిషాలు లయ, మిగిలినది పాట, చివరి 3 నిమిషాలు పిల్లలకు బాగా వచ్చినది ఏదైనా.

మూడు వరుసల్లో, కొంచెం వంపుగా నిలబెట్టండి. గట్టి గొంతులను ముందు వరుసలో పోగు చెయ్యకుండా రెండు, మూడు వరుసల్లో చెదరగొట్టండి, వెనక నుంచి శ్రుతి ముందువాళ్ల చెవిలో పడుతుంది. గొంతు మారుతున్నవాళ్లను ఒక మూలకు నెట్టకండి. మొదలుపెట్టేటప్పుడు “ఒకటి, రెండు” అనకండి. ఎత్తుగడకు సరిగ్గా ఒక అక్షరం ముందు మీరే పిల్లలకు కనిపించేలా ఊపిరి తీసుకోండి, వాళ్లూ మీతో పాటే తీసుకుంటారు.

జవాబు: కంఠసాధన

గ్రౌండులో గోడలుండవు, గదిలో వినిపించిన పక్కవాళ్ల గొంతు అక్కడ వినిపించదు. అందుకే భుజాలు తగిలేంత దగ్గరగా నిలబెట్టి, కనీసం నాలుగుసార్లు బయటే సాధన చేయించండి. మొదటి రోజు అందరూ అరుస్తారు. అరవనివ్వకండి, గొంతు మారుతున్నవాళ్లకు ఆ ఒక్కరోజు అరుపే వారం పాటు బొంగురు తెస్తుంది.

చేత్తో పట్టుకునే మైకు పిల్లలకు ఇవ్వొద్దు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ల గొంతే పాట అవుతుంది. స్టాండు మీద రెండు మైకులు, ముందు వరుసకు మీటరున్నర దూరంలో, పిల్లల తలల కంటే కొంచెం ఎత్తులో, వెనక వరుస వైపు వంచి పెట్టించండి. స్పీకర్లు పిల్లలకంటే ముందుండాలి, జనం వైపు తిరిగి ఉండాలి. 50 మీటర్ల అవతల కూడా స్పీకర్ పెడితే అందులోంచి వచ్చే శబ్దం పిల్లలకు దాదాపు 0.15 సెకను ఆలస్యంగా చేరుతుంది. వాళ్లు దాని కోసం ఆగుతూ పాటను ఈడుస్తారు. అలాంటి స్పీకర్ తప్పదంటే, దాన్ని వినకుండా మీ చెయ్యి మాత్రమే చూడాలని ముందే అలవాటు చెయ్యండి. తంబూరా శబ్దం మాత్రం వాళ్ల దగ్గరే కావాలి. ఫోను స్పీకర్‌లో కింది షడ్జం పలకదు, చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి రెండో వరుస కాళ్ల దగ్గర పెట్టండి.